‘బోర్డు’ : ఒక మాట, పలు అర్థములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో గ్రంథములను గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నేటి ప్రసంగమునకు విషయము ఒకే ఒక మాట. అదియు తెలుగుమాట కాదు, ఇంగ్లీషు మాట. అయినను దాని నెరుగనివారు ఈ సభలో ఒక్కరును ఉండరు. ఆ మాట ‘బోర్డు’.

ఒక గ్రామస్థుని ఒక్కదినపు బ్రతుకును పరిశీలింపుడు. ఉదయమున బస్సు వచ్చినప్పుడు అందరును ముందుగా దాని నొసటనున్న బోర్డును చూతురు. బడిలో పిల్లవాడు బోర్డుపై నున్న లెక్కను పలకమీది కెక్కించుకొనును. వాని అన్న ఇంటర్మీడియట్ బోర్డువారి ఫలితములకై ఎదురుచూచుచుండును. పొగాకు పండించిన రైతు టొబాకో బోర్డువారి వేలమునకు బయలుదేరును. ఇంటిలో దీపము వెలుగకున్నచో స్విచ్చిబోర్డును విప్పి చూతురు. పట్టణమునకు పోయినవానికి ‘బోర్డింగ్ అండ్ లాడ్జింగ్’ అను పెద్ద అక్షరములు కనబడును. సాయంకాలము అరుగుపై కుర్రవాండ్రు క్యారమ్ బోర్డు చుట్టును చేరుదురు. రాత్రి ముచ్చటలలో ఎవడో చీటీలవాడు బోర్డు తిప్పివేసి పారిపోయినాడను వార్త వచ్చును.

ఇన్నిచోట్ల వినబడునది ఒకే మాటయా, లేక ఒకే ధ్వనిగల పది మాటలా? నిఘంటువు తెరచిన విద్యార్థి ఈ అర్థముల నన్నిటిని వరుసగా వల్లించును. మరునాటికి సగము మరచును. కాని ఆ మాట పుట్టిన తావునకు పోయి చూచినచో వల్లింపుతో పనిలేదు. అచ్చట నున్నది ఒక కొయ్యపలక మాత్రమే.

వేయేండ్లకు పూర్వపు ఇంగ్లీషులోనే ‘బోర్డ్’ అను మాట కలదు. చెట్టు మ్రానును కోసి సన్నగా, వెడల్పుగా చెక్కిన పలక యని దాని అర్థము. తెలుగున బల్ల యనినను, చెక్క యనినను ఇదియే. ‘పలక’ యనునదియు సంస్కృతపు ‘ఫలక’మునుండి వచ్చిన మాటయే. ఒక పలకతో మనుష్యుడు ఎన్ని పనులు చేయునో, ఆ మాటకును అన్ని అర్థములు వచ్చినవి. తినుటకు వాడిన నొక అర్థము, ఆలోచనకు కూర్చుండిన నొక అర్థము, నీటిపై సాగిన నొక అర్థము, ఆడుకొనిన నొక అర్థము, వ్రాసిన నొక అర్థము.

మొదట తిండిని చూతము. పూర్వకాలపు ఇంగ్లండులో పెద్ద యిండ్లయందు సహితము భోజనపు బల్ల ఒకచోట స్థిరముగా నుండెడిది కాదు. భోజన సమయమున కొయ్యకాళ్ళను నిలిపి, వానిపై పొడవైన పలకను పరచి వడ్డించెడివారు. భోజనమైన పిదప పలకను తీసి గోడకు జేర్చెడివారు. ఆ పలకయే బోర్డు. క్రమముగా ఆ పలకపై పెట్టు తిండికి సైతము బోర్డను పేరే వచ్చెను. తెలుగున ‘వానికి ఆ యింట విస్తరి కలదు’ అనినచో ఆకును గాక అన్నమునే తలతుము గదా! ఇదియు నట్టిదే.

కావుననే ‘బోర్డింగు’ అనగా భోజనపు ఏర్పాటు. ‘లాడ్జింగు’ అనగా బస. పెక్కుమంది రెండు మాటలకును బస యనియే అర్థము చెప్పుకొందురు. అది పొరపాటు. బోర్డింగు స్కూలనగా అన్నము పెట్టి, అచ్చటనే యుంచుకొని చదువు చెప్పు బడి. పరదేశములకు చదువులకై పోవు మన పిల్లలకు వచ్చు కాగితములలో ‘రూమ్ అండ్ బోర్డ్’ అని యుండును. గదితోపాటు ఒక బల్ల నిత్తురు కాబోలునని తలచినచో లెక్క తప్పును. గదియద్దెయు భోజనపు ఖర్చును కలిపి యని దాని భావము. హోటళ్ళలో ‘ఫుల్ బోర్డ్’ అనినచో మూడుపూటల తిండియు, ‘హాఫ్ బోర్డ్’ అనినచో ఉదయపు ఫలాహారముతో మరియొక పూట భోజనమును ధరలో చేరియున్నవని తెలిసికొనవలెను. ఒక్క మాటకు అర్థము తెలియకున్నచో నష్టము భాషకు కాదు, సంచిలోని రూకలకు.

ఇంగ్లండునందు పూర్వము మతన్యాయస్థానములు భార్యాభర్తలను వేరుచేయునప్పుడు పడకనుండియు బోర్డునుండియు వేరుచేయుచున్నామని తీర్పు చెప్పెడివి. 1857 నాటి చట్టముతో ఆ న్యాయస్థానముల కా యధికారము పోయెను. ఒకే బల్లయొద్ద కలిసి తినుటయే కాపురమని ఆ మాటలయందలి భావము. ఇంటింటను నేడు కట్టించుకొనుచున్న కప్‌బోర్డు కూడ మొదట తలుపుల పెట్టె కాదు. కప్పులు, పాత్రలు వరుసగా పేర్చియుంచు బల్ల. దానిని ఇంగ్లీషువారు ‘కబర్డ్’ అని పలుకుదురు; ‘ప’కారమును మ్రింగివేయుదురు.

ఇక రెండవ అర్థము. ఇది మన గ్రామములకు మిక్కిలి దగ్గరిది. భోజనమునకు కూర్చుండిన బల్లచుట్టునే ఆలోచనలకును కూర్చుండిరి. పదునారవ శతాబ్దమునాటికే, బల్లచుట్టు కూర్చుండి కార్యములు నిర్ణయించువారి సమూహమునకు బల్ల పేరే వచ్చెను. కంపెనీలకు డైరెక్టర్ల బోర్డులు, ప్రభుత్వములకు రకరకముల బోర్డులు అట్లు పుట్టినవే. ఈ రీతి మనకు క్రొత్తది కాదు. కూర్చుండు చెక్క ‘పీట’; దాని సంస్కృతరూపమైన ‘పీఠము’ నెక్కినవారు పీఠాధిపతులైరి. న్యాయమూర్తులు కూర్చుండు బెంచి పేరే న్యాయమూర్తుల కూటమికి వచ్చెను. ‘పీటలమీది పెండ్లి’ యనినను, ‘బల్లగుద్ది చెప్పినాడు’ అనినను కొయ్య తనకుతానుగా ఏమియు చేయలేదు. మాటకు బరువు వచ్చినది దానిపైనను, దానియొద్దను జరిగిన పనివలన.

తెలుగుదేశమున ఈ అర్థముతో బోర్డు అను మాట ప్రబలుటకు మద్రాసు రెవిన్యూ బోర్డు ఒక ముఖ్య కారణము. అది 1786లో ఏర్పడెను. భూమిశిస్తు విషయమున కలెక్టర్లపై పెత్తనము దానిది. దత్తమండలములలో 1800 మొదలు 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో, రైతుతో నేరుగా శిస్తు నిర్ణయము చేసికొను రైత్వారీ పద్ధతిని నడపెను. ఆయన వెడలిన పిమ్మట పైయధికారులు ఆ పద్ధతిని విడిచి, గ్రామమును మొత్తముగా గుత్తకిచ్చు పద్ధతిని తెచ్చిరి. 1820లో మన్రోయే మద్రాసు గవర్నరై వచ్చిన పిదప రైత్వారీ మరల నిలిచెను. ఒకసారి అట్లు, ఒకసారి ఇట్లు నిర్ణయము మారినది. రెండుసార్లును మారినది రైతు బ్రతుకే. కాని ఆ రెండుసార్లలోను ఆ బల్లచుట్టు ఒక్క రైతైనను కూర్చుండలేదు. దూరమునుండి ఉత్తరువు వచ్చెడిది, గ్రామము తలయొగ్గెడిది. బోర్డనగా కంటికి కనబడని యేదో మహాశక్తి యను భావము జనులలో పాతుకొనుట కట్టి కాలమే కారణము. ఆంధ్రప్రదేశమున రెవిన్యూ బోర్డు 1977 నాటి చట్టముతో రద్దయి, కమిషనర్ల యేర్పాటు వచ్చెను.

1884లో మద్రాసు రాజధానియందు స్థానిక బోర్డుల చట్టము వచ్చెను. జిల్లాబోర్డులు, తాలూకాబోర్డులు రోడ్లను, బడులను, ఆసుపత్రులను చూచుచు వచ్చినవి. 1920 నాటి చట్టముతో ఆ బోర్డులలో ఎన్నికయిన సభ్యుల పాలు పెరిగెను. తాలూకాబోర్డులు 1934లో రద్దయినవి. ‘బోర్డు హైస్కూలు’ అను మాట వృద్ధుల నోట నేటికిని వినబడును. అది జిల్లాబోర్డు నడిపిన ఉన్నత పాఠశాల. 1959 నాటి చట్టముతో ఆంధ్రప్రదేశమున జిల్లాబోర్డుల స్థానమున జిల్లా పరిషత్తులు వచ్చినవి. బోర్డు హైస్కూళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళయినవి.

ఇచ్చట ఒక చిన్న విశేషము గమనింపదగినది. ‘పరిషత్’ అను సంస్కృతపదమున ‘పరి’ యనగా చుట్టును. ‘సద్’ ధాతువునకు కూర్చుండుట యని అర్థము. చుట్టును కూర్చుండినవారు పరిషత్తు. ఇంగ్లీషువారు నడుమనున్న పలకను చూచి పేరుపెట్టిరి; మనవారు చుట్టును కూర్చుండిన మనుష్యులను చూచి పేరుపెట్టిరి. రెండు మాటలును ఒకే దృశ్యమును చూపుచున్నవి. మనుష్యులు లేనిచో మొదటిది వట్టి చెక్క. రెండవదానికి అర్థమే లేదు.

మూడవ అర్థము ఓడకు సంబంధించినది. పలక యను అర్థముగల మాటయు, అంచు, ప్రక్క యను అర్థముగల మాటయు రెండు పురాతన కాలముననే ఒకదానితో నొకటి కలిసిపోయినవని భాషావేత్తలు చెప్పుదురు. ఓడ ప్రక్కకు బోర్డను పేరు అట్లు నిలిచెను. ఓడలో నుండుట ‘ఆన్ బోర్డ్’. ఓడనుండి నీటిలో పడుట ‘ఓవర్ బోర్డ్’. పూర్వము ఓడను త్రిప్పు తెడ్డు కుడిప్రక్క నుండెడిది. కనుక కుడిప్రక్కకు, నడుపు ప్రక్క యను అర్థముతో, ‘స్టార్‌బోర్డ్’ అను పేరు వచ్చెను. ఆ పేరునకు నక్షత్రములతో సంబంధము లేదు. ఎడమప్రక్కను ‘లార్‌బోర్డ్’ అనెడివారు. గాలివానలో కేకవేసినప్పుడు రెండు పేర్లును ఒక్కరీతిగా వినబడి ప్రమాదమునకు దారితీయును గాన, 1844లో బ్రిటిషు నౌకాదళపు అధికారులు ‘లార్‌బోర్డు’ను విడిచి ‘పోర్ట్’ అనవలెనని ఆజ్ఞాపించిరి. మాట స్పష్టముగా లేకున్నచో ఓడయే మునుగునని గ్రహించినవారు వారు.

ఓడనుండి ఆ మాట రైలునకును, బస్సునకును, విమానమునకును వచ్చెను. రైలుటిక్కెట్టుపై నుండు బోర్డింగు స్టేషనుకు భోజనముతో పనిలేదు. ప్రయాణికుడు బండి యెక్కవలసిన స్టేషను అది. విమానమెక్కుటకు చూపవలసిన చీటి బోర్డింగు పాసు. ఒకే ‘బోర్డింగు’ హోటలు ముందర అన్నమును, స్టేషనులో ఎక్కుటను తెలుపును. ఒకటి బల్లనుండి వచ్చినది, రెండవది ఓడ ప్రక్కనుండి వచ్చినది. ఓడ మాట వచ్చినప్పుడు తెలుగు గ్రంథాలయోద్యమపు పడవను తలపకుండరాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు జిల్లాలో కాలువపై పడవ గ్రంథాలయమును నడపించిరి. చదువరి పుస్తకమునొద్దకు రాలేనిచో పుస్తకమే పడవయెక్కి చదువరియొద్దకు పోయెను.

ఇక ఆటలు. చదరంగపు బల్లయు, క్యారమ్ బల్లయు బోర్డులే. జూదపు బల్లయొద్ద పేకముక్కలు పట్టిన చేతులను బల్లక్రిందికి దింపినవాడు మోసము చేయుచున్నాడని శంకించెడివారు. చేతులు బల్లపైననే యుండుట ‘అబౌ బోర్డ్’. నేడు ఏ వ్యవహారమైనను దాపరికము లేక నడచినచో ఇంగ్లీషున ఆ మాటనే వాడుదురు. సంఘపు లెక్కలు చూపుచోటను, పంచాయతీ తీర్మానము వ్రాయుచోటను గుర్తుంచుకొనదగిన మాట యిది: చేతులు బల్లపై నుండవలెను.

వ్రాతకు వచ్చినచో, బడిలోని బోర్డును మన పెద్దలు నల్లబల్ల యనియే పిలిచిరి. అంగడి నొసట పేరు వ్రాసిన పలకయు బోర్డే. వైద్యుడుగాని, వకీలుగాని ‘బోర్డు పెట్టినాడు’ అనినచో వృత్తి ప్రారంభించెనని భావము. ఇక ‘బోర్డు తిప్పివేయుట’ తెలుగువారి సొంత కల్పన. అక్షరములు కనబడకుండ పలకను త్రిప్పి, జనుల సొమ్ముతో మాయమగుట! ఈ అర్థము ఇంగ్లీషు నిఘంటువులలో వెదకినను దొరకదు. అప్పుగా దెచ్చుకొనిన మాటకు కూడ తెలుగు తన యనుభవమును జేర్చి క్రొత్త యర్థము నియ్యగలదనుట కిది నిదర్శనము. ఆ యనుభవము చేదైనది. ఎందరో పేదల కష్టార్జితము ఆ చిన్న పలుకుబడిలో నున్నది. పెద్ద బోర్డును చూచి నమ్మినవారే మోసపోయినవారు. పలకపై నున్న అక్షరములకన్న, దాని వెనుకనున్న మనుష్యులను తెలిసికొనుట ముఖ్యము.

గ్రంథాలయ చందాదారులకు మరియొక అర్థము తెలిసియుండవలెను. ఇంగ్లీషున పుస్తకపు గట్టి అట్టలను బోర్డు లందురు. మధ్యయుగమున ఐరోపాలో వ్రాతపుస్తకములకు నిజముగా కొయ్యపలకలే అట్టలు. వానిపై తోలు కప్పెడివారు. కొయ్య పోయి మందపు కాగితపు అట్ట వచ్చినను పేరు మారలేదు. మన తాళపత్ర గ్రంథములకును పైన నొక పలక, క్రింద నొక పలక పెట్టి, ఆకుల రంధ్రములగుండ త్రాడు పోనిచ్చి కట్టెడివారు. రెండు దేశములయందును చదువును కాపాడినది చెక్కయే.

క్రొత్తకాలపు మాటలును ఈ కుటుంబమునవే. గుఱ్ఱపు బండిలో, డెక్కలనుండి చిమ్ము బురద బండిలోనివారిపై పడకుండ ముందు నిలిపిన పలక ‘డ్యాష్‌బోర్డు’. గుఱ్ఱము పోయి మోటారు వచ్చినను, తోలువాని ముందరి భాగమునకు ఆ పేరే మిగిలెను. తరువాత లెక్కలు, సూచనలు ఒక్కచోట చూపు కంప్యూటరు పుటకును అదే పేరు వచ్చెను. మీటల వరుస ‘కీబోర్డు’. కంప్యూటరు గుండెవంటి పలక ‘మదర్‌బోర్డు’. వానిలో కొయ్య లేదు. పలక రూపము మాత్రము మిగిలెను.

వాడుకలో కొన్ని జాగ్రత్తలు చెప్పవలసియున్నవి. మొదటిది: బండి నెక్కుట యను అర్థమున ‘బోర్డ్’ను క్రియగా వాడునప్పుడు ‘బోర్డ్ ది ట్రెయిన్’ అనవలెను; నడుమ ‘ఇంటు’ చేర్చరాదు. రెండవది: ‘ఆన్ బోర్డ్’ అనినచో ఓడలోనో బండిలోనో యున్నాడని అర్థము, ‘ఆన్ ది బోర్డ్’ అనినచో పాలకసంఘమున సభ్యుడనియో, పలకపై వ్రాసియున్నదనియో అర్థము. ‘ది’ యను చిన్న మాట మనుష్యుని ఓడనుండి సభకు తెచ్చును. మూడవది: ‘బోరు కొట్టుట’ యందలి బోరునకును, బోరుబావికిని, ఈ బోర్డుతో చుట్టరికము లేదు. నాలుగవది: వసతిగృహమున భుజించు ‘బోర్డరు’ వేరు, చీర అంచున నుండు ‘బోర్డరు’ వేరు. అయితే చీర బోర్డరునకును ఓడ ప్రక్కయను అర్థముగల బోర్డునకును దూరపు బంధుత్వము కలదు. రెండింటియందును అంచు అను భావమే యున్నది.

ఇంతవరకు చెప్పిన దానియొక్క సారము ఒకటే. ఇంగ్లీషు మాటలు గ్రామములోనికి వచ్చినప్పుడు పెక్కు పర్యాయములు అధికారపు వేషమున వచ్చినవి. అర్థము తెలియని మాట భయమును కలిగించును, భయపడినవాడు ప్రశ్నింపడు. ‘అది బోర్డువారి నిర్ణయము’ అనగానే నోరు మూసికొనిన తరము లెన్నియో గతించినవి. కాని ఆ మాట ముసుగు తొలగించి చూచినచో లోపల నున్నది ఒక కొయ్యపలకయు, దాని చుట్టు కూర్చుండిన కొందరు మనుష్యులును. ఆ కూర్చుండినవా రెవరు, ఎవరి పక్షమున కూర్చుండిరి, వారి చేతులు బల్లపై నున్నవా లేవా యని అడుగుటకు ప్రతి పౌరునకును హక్కు కలదు. ఆ మూడు ప్రశ్నలును ఆ మాటలోనే యిమిడియున్నవి.

ఈ గ్రంథాలయమున కిరువదియైదేండ్లు నిండినవి. వాకిట పేరు వ్రాసిన పలక యున్నది. బీరువాలలో పుస్తకముల కట్టలున్నవి. నడుమ పొడవైన చదువుబల్ల యున్నది. ఇంగ్లీషున ఈ మూడింటికిని బోర్డను మాట చెల్లును. వీనిలో చదువుబల్లయే ప్రధానమైనది. ఏలయనగా దానిచుట్టు కూర్చుండుటకు ఎన్నికతో పనిలేదు, భూమితో పనిలేదు, కులముతో పనిలేదు. కూలికి పోయివచ్చినవాడును, కొలువు చేయువాడును, బడిపిల్లయు ఒకే పత్రికకై ఒకే బల్లయొద్ద ఎదురుచూతురు. రెవిన్యూ బోర్డునొద్ద పూర్వపు రైతునకు దొరకని చోటు ఇచ్చట అందరికిని దొరకినది.

పలక పాతదగును, మరమ్మతు చేయింపవచ్చును. చుట్టును కూర్చుండువారు తగ్గినచో మాత్రము ఏ వడ్రంగియు బాగుచేయలేడు. రానున్న యిరువదియైదేండ్లును ఈ బల్ల చుట్టు చోటు చాలక మరియొక బల్ల వేయవలసిన యవసరము కలుగుగాక!

స్వస్తి.